జింకకూ నక్కకూ ఒకే రైఫిల్: బ్రిటన్‌లో ఏ క్యాలిబర్ తీసుకోవాలి?

బ్రిటన్‌లో ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్‌కు (తుపాకీ ఉంచుకోవడానికి పోలీసులిచ్చే అనుమతికి) మొదటిసారి దరఖాస్తు పెట్టేవాళ్ళలో చాలామంది సెంటర్‌ఫైర్ రైఫిల్ ఒక్కటే అడుగుతారు. పగలు జింకకు, రాత్రి గొర్రెపిల్లల మీదికొచ్చే నక్కకు అదే పనికిరావాలి. దుకాణంలో అడిగితే .243 అంటారు (ఈ అంకె క్యాలిబర్, అంటే బుల్లెట్ సుమారు ఎన్ని అంగుళాల లావో). పక్క పొలం రైతు .223 చాలు పొమ్మంటాడు. స్కాట్లాండ్ కొండలు తిరిగొచ్చినవాళ్ళు .308కి తగ్గి మాట్లాడరు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి నేలకు సరిపడే మాట వాళ్ళు చెబుతున్నారు. చిక్కేమిటంటే మీ నేల వాళ్ళది కాదు.

జింకకు చాలే తూటా నక్కకు ఎలాగూ చాలుతుంది. నక్కకు చాలే తూటా మాత్రం జింకకు చాలకపోవచ్చు, చాలా సందర్భాల్లో చట్టమే ఒప్పుకోదు. కాబట్టి ఎంపిక జింక దగ్గర మొదలవ్వాలి. మీకు అనుమతి ఉన్న పొలంలో తిరిగే అన్నిటికంటే పెద్ద జింక ఏదో తేలితే సగం జాబితా దానంతటదే కొట్టుకుపోతుంది.

బ్రిటన్‌లో జింకలు ఆరు రకాలు: రెడ్, సికా, ఫాలో, రో, ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్. ముంట్‌జాక్ మన నల్లమలలో ఉండే మొరిగే జింకకు దాయాది, పది పదిహేను కిలోలుంటుంది. రో సుమారు ఇరవై అయిదు కిలోలు. ఫాలో మగది ఒంటి మీద చుక్కలతో మన దుప్పిని గుర్తుచేస్తుంది, బరువు యాభై నుంచి తొంభై కిలోల దాకా. రెడ్ స్టాగ్, అంటే మగ రెడ్, వంద కిలోలు సునాయాసంగా దాటుతుంది. ఇక నక్క అంటే ఇక్కడ ఎర్రనక్క. మన ఊరి పొలిమేరలో ఊళపెట్టేది కాదు, గుంటనక్క జాతిది. బరువు అయిదు నుంచి ఎనిమిది కిలోలు, ఎదురుగా నిలబడితే ఛాతీ వెడల్పు నాలుగంగుళాలు.

(ఇదంతా బ్రిటన్‌లో ఉంటున్నవాళ్ళకే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇక్కడి సలహా ఏదీ అక్కడికి పట్టుకెళ్ళేది కాదు.)

ముందు చట్టం

నక్కకు ఇంత క్యాలిబర్ ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. జింకకు ఉంది. అదీ ఇంగ్లండ్, వేల్స్‌లో ఒకలా, స్కాట్లాండ్‌లో ఇంకోలా. (బుల్లెట్ బరువు గ్రెయిన్లలో చెబుతారు, పదిహేను గ్రెయిన్లు సుమారు ఒక గ్రాము.)

| ఎక్కడ, ఏ జింక | కనీస క్యాలిబర్ | కనీస బుల్లెట్ బరువు | కనీస వేగం (సెకనుకు అడుగులు) | గొట్టం మూతి దగ్గర కనీస శక్తి (ఫుట్-పౌండ్లు) |
|---|---|---|---|---|
| ఇంగ్లండ్, వేల్స్: ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ | .220 | 50 గ్రెయిన్లు | లేదు | 1,000 |
| ఇంగ్లండ్, వేల్స్: మిగతా అన్నీ | .240 | లేదు | లేదు | 1,700 |
| స్కాట్లాండ్: రో | లేదు | 50 గ్రెయిన్లు | 2,450 | 1,000 |
| స్కాట్లాండ్: మిగతా అన్నీ | లేదు | 80 గ్రెయిన్లు | 2,450 | 1,750 |

ఇంగ్లండ్ లెక్క 1991 డీర్ యాక్ట్‌ది, చిన్న జింకలకు సడలింపు 2007లో వచ్చింది. స్కాట్లాండ్‌లో పెద్ద జింకలకు 100 గ్రెయిన్లు ఉండాలన్న నిబంధనను 2023లో 80కి దించారు. రాగి బుల్లెట్లు తేలిక కాబట్టి వాటికి దారి ఇవ్వడానికే ఈ మార్పు. రెండు చోట్లా బుల్లెట్ తగిలాక విచ్చుకునే రకమే అయి ఉండాలి.

ఈ పట్టికలో ఎక్కువమంది బోల్తాపడేది రో దగ్గర. స్కాట్లాండ్‌లో .223తో రోను కొట్టవచ్చు. సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోకి వస్తే అదే రైఫిల్, అదే తూటా, అదే జింక, కానీ నేరం. స్కాట్లాండ్ వాళ్ళ సలహా విని .223 కొని, తీరా తమ పొలం హాంప్‌షైర్‌లో ఉందని గుర్తొచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

పెట్టె మీద అంకె, మీ రైఫిల్ అంకె ఒకటి కావు

తూటాల పెట్టె మీద వేసే వేగం సాధారణంగా 24 అంగుళాల పరీక్ష గొట్టంలో కొలిచింది. ఇక్కడ అమ్ముడుపోయే రైఫిళ్ళలో చాలావాటికి 20 లేదా 22 అంగుళాల గొట్టం. మూతికి చప్పుడు తగ్గించే మాడరేటర్ బిగిస్తే పొడవు పెరుగుతుందని 18 అంగుళాలు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. గొట్టం ఒక్క అంగుళం తగ్గితే .243 లాంటి తూటాకు సుమారు 25 నుంచి 30 అడుగుల వేగం పోతుంది.

శక్తి లెక్క సులువే. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో తీసుకుని, వేగాన్ని వేగంతోనే గుణించి దాంతో కలిపి గుణించండి. వచ్చినదాన్ని 4,50,240తో భాగించండి. ఇప్పుడు .243లో 100 గ్రెయిన్ల తూటా చూద్దాం. పెట్టె మీద 2,960 అడుగులు ఉంటుంది, శక్తి 1,946. దిలాసాగా ఉంది. అదే తూటా 18 అంగుళాల గొట్టంలో పేలిస్తే 2,780 అనుకోండి, శక్తి 1,716కి పడిపోతుంది. ఇంగ్లండ్‌లో వెంట్రుకవాసిలో గట్టెక్కింది. స్కాట్లాండ్‌లో రెడ్ మీద పేలిస్తే చట్టం తప్పినట్టే. ఇంకో ముప్ఫై అడుగులు తగ్గితే ఇంగ్లండ్‌లోనూ చెల్లదు.

80 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కు ఈ ఇరుకు ఇంకా ఎక్కువ. స్కాట్లాండ్ 1,750 అందుకోవాలంటే దానికి దాదాపు 3,140 అడుగుల వేగం కావాలి, ఇంగ్లండ్ 1,700కి దాదాపు 3,095. చిన్న క్యాలిబర్ల వైపు చూస్తే .223లో 50 గ్రెయిన్ల బుల్లెట్ సరిగ్గా 3,000 అడుగుల వేగంతో వెళ్తే శక్తి 999 మాత్రమే వస్తుంది, ఒక్క ఫుట్-పౌండ్‌లో తప్పుతుంది. అదే 55 గ్రెయిన్లకైతే 2,865 అడుగులు చాలు. అందుకే .223తో ముంట్‌జాక్ కొట్టేవాళ్ళు 50 కంటే 55 గ్రెయిన్లు వాడటం మంచిది.

క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే పరికరం క్లబ్బుల్లో అరువు దొరుకుతుంది. కొన్న తూటా ఓ ఐదు దాని ముందు పేల్చి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెతో లెక్క కట్టండి. సగటుతో కాదు. చలికాలం పొద్దున మందు కాస్త మందకొడిగా కాలుతుంది కాబట్టి ఆ అంకెకు కూడా కొంత దిగువన చోటు ఉంచుకోవాలి.

ఎదురెదురుగా

| క్యాలిబర్ | మామూలు దుకాణం తూటా | వేగం, శక్తి (24 అంగుళాల గొట్టంలో సుమారు) | ఇంగ్లండ్‌లో జింకకు | తన్ను (పేల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) |
|---|---|---|---|---|
| .223 రెమింగ్టన్ | 55 గ్రెయిన్లు | 3,240 / 1,280 | ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ మాత్రమే | లేనట్టే |
| .22-250 రెమింగ్టన్ | 55 గ్రెయిన్లు | 3,680 / 1,650 | ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ మాత్రమే | తక్కువ |
| .243 వించెస్టర్ | 100 గ్రెయిన్లు | 2,960 / 1,945 | అన్నీ | తక్కువ |
| 6.5 క్రీడ్‌మోర్ | 143 గ్రెయిన్లు | 2,700 / 2,315 | అన్నీ | మధ్యస్థం |
| 6.5×55 స్వీడిష్ | 140 గ్రెయిన్లు | 2,600 / 2,100 | అన్నీ | మధ్యస్థం |
| .308 వించెస్టర్ | 150 గ్రెయిన్లు | 2,820 / 2,650 | అన్నీ | ఎక్కువ |
| .270 వించెస్టర్ | 130 గ్రెయిన్లు | 3,060 / 2,700 | అన్నీ | ఎక్కువ |

.223: నక్కకు రాజు, జింకకు సగం

నక్కకు ఇంతకంటే హాయైన తూటా లేదు. తన్నదు కాబట్టి పేల్చాక కూడా స్కోప్‌లోంచి నక్క కదలకుండా కనిపిస్తుంది, తగిలిందో లేదో మీరే చూస్తారు. తూటాలు మిగతావాటికంటే చవక, సాధనకు ఎన్ని కాల్చినా జేబు కాలదు. విచ్ఛిన్నమయ్యే నక్క బుల్లెట్ నేలకు తగిలితే చాలావరకు ముక్కలైపోతుంది. ఎగిరిపడే ప్రమాదం బరువైన జింక బుల్లెట్‌తో పోలిస్తే తక్కువ, అసలు లేదని కాదు.

ఈస్ట్ ఆంగ్లియాలో ముంట్‌జాక్, చైనీస్ వాటర్ డీర్ తప్ప వేరే జింక లేని చిన్న పొలమైతే .223 ఒక్కటే సరిపోతుంది. స్కాట్లాండ్ లోలాండ్స్‌లో రో, నక్క మాత్రమే ఉన్న చోటా అంతే. కానీ జింకలు మీ సర్టిఫికెట్ చదువుకుని తిరగవు. రెండేళ్ళకు ఫాలో మంద ఒకటి అడవి దాటి వస్తే .223 పట్టుకుని చూస్తూ కూర్చోవాల్సిందే.

కొనేటప్పుడు గొట్టం లోపలి మెలిక, అంటే ట్విస్ట్, చూడండి. పాత రైఫిళ్ళలో 1:12 ఉంటుంది, అంటే బుల్లెట్ పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. సీసం 55కి అది చాలు. రాగి బుల్లెట్ అదే బరువుకు పొడుగ్గా ఉంటుంది కాబట్టి 1:12లో నిలకడగా ఎగరకపోవచ్చు. 1:9 లేదా 1:8 ఉంటే బెంగ లేదు.

.22-250: ఒక్క వాక్యంలో

వేగానికి మెచ్చుకోవచ్చు, కానీ .224 అంగుళాల బుల్లెట్ ఎంత వేగంగా వెళ్ళినా .240 కాదు కనుక ఇంగ్లండ్‌లో రెండు పనులకు ఒకటే రైఫిల్ కావాలన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళక్కర్లేదు.

.243: అందరూ చెప్పేది, ఎందుకు చెబుతారంటే

1955లో .308 తూటా మెడను సన్నగా నొక్కి తయారుచేసిన క్యాలిబర్ ఇది. .240 గీతకు ఇంత దగ్గరలో, ఇంత విరివిగా దొరికేది ఇంకోటి లేదు. ఏ ఊరి గన్ షాప్‌లో అడిగినా కనీసం రెండు మూడు రకాల తూటాలుంటాయి. రో, ఫాలో ఆడది, సికా ఆడది వరకు సందేహం లేకుండా పనిచేస్తుంది. రెడ్ స్టాగ్‌కూ చట్టపరంగా చెల్లుతుంది, అయితే భుజం ఎముక దగ్గర కోణం తప్పితే క్షమించే గుణం దీనికి తక్కువ. స్టాగ్ ఏడాదికి ఒకటి రెండు అయితే సర్దుకోవచ్చు, వారం వారం అయితే వద్దు.

నక్కకు 58 గ్రెయిన్ల వి-మ్యాక్స్ లాంటి బుల్లెట్ 3,750 అడుగుల వేగంతో వెళ్తుంది. దాని శక్తి 1,810 దాటుతుంది కాబట్టి కాగితం మీద ఇంగ్లండ్‌లో జింకకూ చెల్లుతుంది. కాగితం మీద మాత్రమే. నక్క ఒంట్లో రెండు మూడు అంగుళాల్లో ముక్కలైపోయేలా చేసిన బుల్లెట్ అది. రో భుజానికి తగిలితే పైన పెద్ద గాయం చేసి లోపలికి వెళ్ళకుండానే చితికిపోవచ్చు. జింక అక్కడికక్కడ పడదు, కుంటుకుంటూ పొదల్లోకి పోయి గంటలు నరకం చూస్తుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన చేయతగినదని కాదు.

.243కి ఇప్పుడు ఎదురవుతున్న అసలు ప్రశ్న సీసం. 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రాణుల మీద వాడే సీసపు తూటాల మీద ఆంక్షలు ప్రకటించింది. .243 నుంచి పై క్యాలిబర్లకు అవి వర్తిస్తాయి, మారడానికి మూడేళ్ళ గడువు. .223 లాంటి చిన్నవి దీని పరిధిలోకి రావు. అంటే ఈరోజు కొనే .243 తన జీవితంలో ఎక్కువ భాగం రాగి తూటాలే మింగాలి. పాత .243 గొట్టాల్లో ట్విస్ట్ దాదాపు అన్నిటికీ 1:10. అందులో 80, 85 గ్రెయిన్ల రాగి బాగానే నిలుస్తుంది, అంతకంటే పొడుగైనవి అటూ ఇటూ పోతాయి. కొత్తది కొంటుంటే 1:8 ట్విస్ట్ ఉన్న మోడల్ అడగండి. అదే గొట్టంతో 90కి పైబడిన బుల్లెట్లూ వాడుకోవచ్చు.

పాత రైఫిల్ బేరమాడుతుంటే ట్విస్ట్ మీరే కొలవవచ్చు. ముందు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని బోల్ట్ తీసేయండి. స్వేచ్ఛగా తిరిగే పిడి ఉన్న క్లీనింగ్ రాడ్‌కు బిగువుగా గుడ్డ చుట్టి వెనక నుంచి గొట్టంలోకి కొద్దిగా తోయండి. రాడ్ మీద పైభాగాన ఒక గీత, గొట్టం వెనక అంచు దగ్గర ఇంకో గుర్తు పెట్టండి. మెల్లగా తోస్తుంటే రాడ్ తిరుగుతుంది. పై గీత పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ పైకొచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్ళిందో అదే ట్విస్ట్. గుడ్డ వదులుగా ఉంటే జారిపోయి తప్పు లెక్క వస్తుంది, రెండు మూడుసార్లు కొలిచి చూడండి.

6 మిల్లీమీటర్ల క్రీడ్‌మోర్ అని ఇంకొకటుంది. బుల్లెట్ వ్యాసం .243దే, ట్విస్ట్ మాత్రం 1:7.5 లేదా 1:8 కనుక ట్విస్ట్ సమస్య పుట్టుకతోనే లేదు. కానీ చిన్న ఊరి దుకాణంలో శనివారం సాయంత్రం తూటాలు అయిపోతే .243 దొరికినట్టు ఇది దొరకదు.

6.5 జంట: జింకకు మొగ్గు ఉన్నవాళ్ళకు

6.5×55 స్వీడన్, నార్వే సైన్యాల కోసం పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టింది. 6.5 క్రీడ్‌మోర్ 2007లో వచ్చింది. రెంటి బుల్లెట్లూ ఒకటే వ్యాసం, పనితనంలో జింకకు తేడా తెలియదు. స్వీడిష్‌లో పాత సైనిక రైఫిళ్ళను దృష్టిలో పెట్టుకుని కంపెనీ తూటాలు నెమ్మదిగా నింపుతారు. తూటా పొడుగు కాబట్టి రైఫిల్ యాక్షన్ (తూటాను గొట్టంలోకి తోసి పేల్చే భాగం) కూడా పొడుగే. క్రీడ్‌మోర్ పొట్టి యాక్షన్‌లో సరిపోతుంది, కొత్త రైఫిళ్ళు ఎక్కువగా దాంట్లోనే వస్తున్నాయి. ఇప్పటికే తాతలనాటి స్వీడిష్ ఉంటే మార్చుకోనక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్ళకు క్రీడ్‌మోర్.

143 గ్రెయిన్ల బుల్లెట్ గాలికి తొణకదు. గంటకు పది మైళ్ళ పక్కగాలిలో 200 గజాల దగ్గర .223 బుల్లెట్ నాలుగంగుళాలకు పైగా పక్కకు పోతే ఇది సుమారు రెండంగుళాలే పోతుంది. నక్క ఛాతీ వెడల్పు నాలుగంగుళాలని గుర్తు తెచ్చుకుంటే ఈ తేడా ఎంతో అర్థమవుతుంది. నక్క కోసమే కావాలంటే 95 గ్రెయిన్ల వి-మ్యాక్స్ తూటా కూడా ఉంది. ఈ 6.5 గొట్టాల ట్విస్ట్ మొదటినుంచీ 1:8 చుట్టూరానే కనుక రాగి బుల్లెట్లకు గొట్టం గురించి ఆలోచించాల్సిన పని లేదు.

లోటు ఒకటే. రాత్రికి నాలుగైదు నక్కలు కొట్టే పనైతే చప్పుడు, తన్ను, తూటా ఖర్చు, మూడూ .223, .243ల కంటే ఎక్కువ.

.308, .270: కొండల కోసం

నక్క మీద .308 పేల్చడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పనిచేయదని కాదు. బుల్లెట్ నక్కలోంచి దాదాపు వేగం తగ్గకుండా బయటికొచ్చి వెనక ఉన్నదేదైనా తాకుతుంది. 100 గజాల దగ్గర జీరో చేస్తే (గురిపెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్ సర్దితే) 200 దగ్గర నాలుగంగుళాల దాకా కిందికి పడుతుంది, చీకట్లో దూరం తప్పుగా అంచనా వేస్తే అంతే సంగతులు. దీని బలం వేరే ఉంది. గొట్టం కురచైనా శక్తి మిగులుతుంది, గొట్టం చాలా ఏళ్ళు వస్తుంది, రాగి బుల్లెట్లలో రకాలు ఎక్కువ, తూటా ఎక్కడైనా దొరుకుతుంది. స్కాట్లాండ్ కొండల్లో ప్రధానంగా రెడ్ కొట్టి, నక్క ఎప్పుడో ఒకటి దారిలో ఎదురయ్యేవాళ్ళకు ఇది తప్పు ఎంపిక కాదు. .270 ఇంకాస్త చదునుగా వెళ్తుంది, ఇంకాస్త గట్టిగా తన్నుతుంది, పొడుగు యాక్షన్ కావాలి.

రెండు రకాల తూటాలా, ఒకటేనా

క్యాలిబర్ ఎంపికకంటే ఎక్కువ తప్పులు ఇక్కడ జరుగుతాయి. ".243 కొంటాను, నక్కకు 58, జింకకు 100 వాడతాను, ఒకే దెబ్బకు రెండు పిట్టలు" అని లెక్క వేసుకుంటారు. ఒకే రైఫిల్‌లో రెండు బరువుల తూటాలు ఒకే చోట తగలవు. 100 గజాల దగ్గర రెండు మూడంగుళాల తేడా రావడం మామూలే. ఆ తేడా పైకీ కిందికే కాదు, పక్కకూ రావచ్చు. గొట్టం ఒక్కో తూటాకు ఒక్కోలా కంపిస్తుంది, అందుకే వేగం చూసి లెక్కకట్టి సర్దుకోవడం కుదరదు. రేంజ్‌లో కాల్చి చూడాల్సిందే.

రెండు తూటాలు వాడాలనే నిశ్చయమైతే పగటి స్కోప్ జింక తూటాకు, రాత్రి థర్మల్ (ఒంటి వేడిని చూపేది) లేదా డిజిటల్ స్కోప్ నక్క తూటాకు విడివిడిగా జీరో చేసి, తీసి పెట్టే మౌంట్ల మీద ఉంచడం ఒక పద్ధతి. మౌంట్ తీసి పెట్టిన ప్రతిసారీ జీరో నిలుస్తుందో లేదో పరీక్షించాలి. డిజిటల్ స్కోప్‌లలో రెండు మూడు జీరో ప్రొఫైళ్ళు దాచుకునే వీలుంటుంది. బాగానే ఉంటుంది, ప్రొఫైల్ మార్చడం మరిచిపోయే రాత్రి వరకు. ఇంకో ప్రమాదం మ్యాగజీన్‌లో మిగిలిపోయిన తూటా. రాత్రి నక్కకు వేసిన 58లు రెండు అలాగే ఉండిపోతాయి, తెల్లవారుజామున పొలం గట్టు మీద రో నిలబడుతుంది, చేతికి తెలియదు. నక్క పని అయ్యాక మ్యాగజీన్ పూర్తిగా ఖాళీ చేసి, తూటాలు వేరే రంగు పెట్టెలో పెట్టడం అలవాటుగా మారాలి.

మా సలహా సూటిగా: మొదటి రెండేళ్ళు ఒకే తూటా. జింకకు తగినది ఎంచుకుని నక్కకూ అదే. .243లో 80 నుంచి 100 గ్రెయిన్ల జింక బుల్లెట్ నక్కను ఖచ్చితంగా చంపుతుంది. అది ఇరవై ముప్ఫై గజాలు పరిగెత్తి పడినా పడవచ్చు, కానీ తోలు, మాంసం ఎవరూ వాడరు కాబట్టి బుల్లెట్ ఇవతలినుంచి అవతలికి పోవడంవల్ల నష్టం లేదు. వెనక మట్టి మాత్రం ఉండాలి. 100 గ్రెయిన్ల .243ను 100 గజాల దగ్గర అంగుళం పైకి జీరో చేస్తే 200 దగ్గర అంగుళం, అంగుళంన్నర కిందికి వస్తుంది. ఆ మధ్యలో నక్కకైనా జింకకైనా గురిపెట్టే చోటు మార్చక్కర్లేదు.

చీకటి, వెనక మట్టి

ఇంగ్లండ్, వేల్స్‌లో సూర్యాస్తమయం తర్వాత గంట నుంచి సూర్యోదయానికి ముందు గంట వరకు జింకను ప్రత్యేక లైసెన్స్ లేకుండా కొట్టకూడదు. నక్కను ఎప్పుడైనా కొట్టవచ్చు. అంటే మీ రైఫిల్ జీవితంలో సగం చీకట్లోనే గడుస్తుంది, క్యాలిబర్ ఎంపికలో ఇది లెక్కలోకి రావాలి. సెంటర్‌ఫైర్ బుల్లెట్ ఏదైనా మైళ్ళ దూరం పోతుంది. పగలు జింక వెనక కొండవాలు కళ్ళకు కనిపిస్తుంది. రాత్రి థర్మల్‌లో నక్క తెల్లగా మెరుస్తుంది, దాని వెనక మట్టిగట్టు ఉందో, హెడ్జ్ (మొక్కల కంచె) అవతల రోడ్డుందో కనిపించదు. చదునైన లింకన్‌షైర్ పొలాల్లో రాత్రి నక్కలకు .308 కంటే .223 మంచిదనడానికి అసలు కారణం ఇదే. పగలు ఒకసారి ఆ పొలమంతా నడిచి, ఏ గేటు దగ్గర నుంచి ఏ దిక్కుకు పేల్చవచ్చో ముందే తేల్చుకోండి. థర్మల్‌లో ముంట్‌జాక్, కుందేలు, పక్కింటి కుక్క అన్నీ నక్కలాగే మెరుస్తాయి. ఏమిటో తేలకపోతే వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ఎవరికి ఏది

దక్షిణ ఇంగ్లండ్‌లో రో, ముంట్‌జాక్, ఈత కాలంలో నక్కలు ఉన్న మామూలు గొర్రెల పొలం: .243, 20 అంగుళాలకు తగ్గని గొట్టం, కొత్తదైతే 1:8 ట్విస్ట్. తన్నుకు జడిసేవాళ్ళకు, సన్నగా ఉన్నవాళ్ళకు కూడా ఇదే. ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకునే అలవాటు ఒకసారి పడితే వదిలించుకోవడం కష్టం.

ఫాలో, సికా, రెడ్ తరచుగా వచ్చే చోట, నక్క అప్పుడప్పుడూ: 6.5 క్రీడ్‌మోర్. ఈరోజు ఒక్క రైఫిలే కొనాలంటే, పెద్ద జింక నెలకోసారైనా కనిపించే పొలానికి మా ఓటు .243కి కాదు, దీనికే. రాగి తూటాల కాలం వచ్చేసింది, శక్తి లెక్కలో వెంట్రుకవాసి బతుకు ఎందుకు?

స్కాట్లాండ్ కొండల రెడ్, నక్క అరుదు: .308 లేదా 6.5.

రాత్రికి రాత్రి నక్కలే ప్రధానం, జింక ఏడాదికి నాలుగు: ఒక్క రైఫిల్‌తో సరిపెట్టాలన్న ఆలోచన మానుకోండి. నక్కకు .223, జింకకు .308 లేదా 6.5, రెండూ విడిగా, ఒక్కో తూటాతో. బ్లేజర్ ఆర్8 లాంటి గొట్టం మార్చే రైఫిల్ కూడా ఒక దారి, కానీ ప్రతి గొట్టానికీ సర్టిఫికెట్‌లో విడిగా చోటు ఉండాలి, ధర కూడా రెండు మామూలు రైఫిళ్ళకు తగ్గదు.

దరఖాస్తులో రాసేది

ఫారంలో క్యాలిబర్ పక్కన "జింక" అని మాత్రమే రాస్తే సర్టిఫికెట్ మీద వేసే షరతులో కూడా అదే వచ్చే వీలుంది. అప్పుడు నక్క మీద పేల్చడం చిక్కు తెస్తుంది. జింక, నక్క రెండూ స్పష్టంగా రాసి, చట్టం అనుమతించే ఇతర జంతువులకు కూడా అని షరతు చేర్చమని అడగండి. పొలం యజమాని రాసిచ్చే అనుమతి ఉత్తరంలో అక్కడ ఏ జింకలు తిరుగుతాయో పేర్లతో ఉంటే మీరు అడిగిన క్యాలిబర్‌కు అదే ఆధారం. ఉత్తరంలో ముంట్‌జాక్ ఒక్కటే ఉండి మీరు .308 అడిగితే ఎందుకని ఫోన్ వస్తుంది. కొత్తవాళ్ళకు పొలం ఫలానా క్యాలిబర్‌కు సరిపడుతుందని పోలీసులు తేల్చాకే అక్కడ కాల్చే వీలుంటుంది, కాబట్టి మ్యాప్ మీద గట్లు, వాలు, దారులు గుర్తుపెట్టి ఇవ్వండి. తూటాల పరిమితి క్యాలిబర్‌కు ఒక్కటే ఇస్తారు. రెండు రకాలు ఉంచుకుంటే రెండూ కలిపి ఆ లెక్కలోకే వస్తాయి, అడిగేటప్పుడే ఆ మేరకు అడగాలి.